నాలుగు వందల పన్నెండు సంతకాలు

లండన్‌లో ఏ పని ఏ ఆఫీసులో అవుతుందో ఐవీ గోస్లింగ్‌కు తెలిసినట్టు ఎవరికీ తెలియదు. మా పేటను ఏలే బరో కౌన్సిల్‌లో ముప్ఫై ఒక్క ఏళ్ళు సభల గుమాస్తాగా పనిచేసి రిటైరయింది. వీధిలో ఎవరికి ఏ ఇబ్బంది వచ్చినా ముందు ఆమె తలుపే తట్టేవాళ్ళు. పక్కింటిదాన్ని గనక నేనైతే టీ వంకతో రోజూ వెళ్ళేదాన్ని.

"చెత్తబండి రాలేదా? అది మన బరో. బస్సు రాలేదా? అది లండన్ మొత్తానికీ ఉన్న మేయర్. అంచున ఎర్రగీతలుంటే ఆ రోడ్డూ మేయర్‌దే," అని గుక్కతిప్పుకోకుండా చెప్పేది.

"మరి లండన్ అసెంబ్లీలో కూర్చునే ఆ పాతికమంది ఏం చేస్తారే?" అని కవ్వించేదాన్ని.

"మేయర్‌ని అడుగుతారు."

"అడిగితే?"

"జవాబు చెప్తాడు. నువ్వు మీ ఆయన్ని నలభై ఏళ్ళు అడగలేదూ? ఇదీ అంతే."

ఐవీకి మిగిలింది ఒక్క అక్క, వినీ. కొండకు అటువైపు వృద్ధాశ్రమంలో ఉండేది. మతి సగం పోయినా గురువారం మాత్రం గుర్తుండేది. ప్రతి గురువారం ఐవీ అల్లం కేకు డబ్బా ఒళ్ళో పెట్టుకుని బస్సెక్కితే ఇరవై నిమిషాల్లో ఆశ్రమం గేటు ముందు దిగేది. మోకాళ్ళు అరిగిన మనిషికి ఆ బస్సు తప్ప దారి లేదు.

ఒక మార్చి నెలలో మేయర్ కింది బస్సుల శాఖవాళ్ళు స్టాపులో కాగితం అతికించారు. మా వీధికి ఆ బస్సును రద్దు చేసి వేరే దారిలో నడపాలనుకుంటున్నారట, ఆరు వారాల్లోగా అభిప్రాయాలు రాయమన్నారు. వీధంతా భగ్గుమంది. నేను ఆ సాయంత్రమే రెండు పేజీల ఉత్తరం రాసి ఐవీకి చూపించాను.

"దాచిపెట్టు తల్లీ. తలా ఒక ఉత్తరం రాస్తే ఎవరు పట్టించుకుంటారు? అందరి సంతకాలూ తీసుకుని ఒకే అర్జీగా కౌన్సిల్ సభలో పెట్టిస్తా. సభ తీర్మానం చేసి పంపితే ఆ బరువే వేరు."

"బస్సులు మేయర్‌వని నువ్వేగా చెప్పేదానివి?"

"మన సభ ముద్రతో వెళ్ళనీ, చూద్దువుగాని."

ఆమె మాటకు ఎదురుచెప్పే అలవాటు మాకు లేదు. రాసేవాళ్ళందరినీ ఆపింది. వానలో ఇల్లిల్లూ తిరిగి నాలుగు వందల పన్నెండు సంతకాలు పోగేసింది. సభరోజు మేమంతా గ్యాలరీలో కూర్చున్నాం. అన్ని పార్టీలవాళ్ళూ తీర్మానానికి ఒప్పుకుంటూ చేతులెత్తారు. ఒకప్పుడు తాను కూర్చుని రాసుకున్న కుర్చీకేసి చూస్తూ ఐవీ కళ్ళు తుడుచుకుంది. ఆ మురిపెం చూస్తే నాకు ఒళ్ళు మండింది, కానీ నేనూ చప్పట్లు కొట్టాను.

జూలైలో బస్సుల శాఖ నివేదిక వచ్చింది, మా బస్సు రద్దు ఖాయమైంది. విడివిడిగా వచ్చిన అభిప్రాయాలు యాభై ఎనిమిది. వాటిలో సగానికి పైగా కొండకు అటువైపువాళ్ళవి, కొత్త దారిలో తమ వీధికి బస్సు వస్తుందని సరేనన్నవాళ్ళవి. చివర్లో ఒక్క వరుసలో మా కౌన్సిల్ తీర్మానం, జతగా అర్జీ. నాలుగు వందల పన్నెండు మందిమీ కలిసి ఒకటయ్యాం. అసెంబ్లీలో మా సభ్యురాలు మేయర్‌ని అడిగింది. అన్ని అభిప్రాయాలూ పరిశీలించామని జవాబు వచ్చింది.

ఐవీ కళ్ళజోడు తీసి బల్లమీద పెట్టింది.

"ఈ పద్ధతి నాకు తెలుసే. ఇలాంటి నివేదికలు ముప్ఫై ఏళ్ళు నేనే టైపు చేశాను. ఎన్ని సంతకాలున్నా అర్జీని ఒకటిగానే వేసేదాన్ని. నా అర్జీ దగ్గరికొచ్చేసరికి ఆ సంగతే తట్టలేదు."

బస్సు నడిచే ఆఖరి గురువారం నేనూ తోడు వెళ్ళాను. వినీ కేకు ముక్క నములుతూ, "ఏమే, వచ్చేవారం అల్లం ఇంకాస్త దంచి వెయ్యి," అంది.

"వేస్తా అక్కా," అంది ఐవీ.

తరువాత రెండు బస్సులు మారి, కొండ ఎక్కి నడిచి వెళ్ళాలి. మొదటి వారం వెళ్ళింది. రెండోవారం సగం దారిలో పడిపోయింది. టాక్సీలో వెళ్ళడం నెలకొక్కసారే కుదిరేది. మా వీధివాళ్ళు మురుగు కాలువ గురించి అడగడానికి వస్తే, "నాకు తెలియదు, ఇంకెవరినైనా అడగండి," అనడం మొదలుపెట్టింది.

"నీ ఉత్తరం ఇంకా ఉందా?" అని ఒకరోజు అడిగింది.

"ఎప్పుడో చింపేశాను," అన్నాను. సొరుగులోనే ఉంది. పోనీ ఆ రోజు ఆమెకు చెప్పకుండానైనా పోస్టు చేయలేకపోయానే అని ఇప్పటికీ నన్ను నేను తిట్టుకుంటాను.

నవంబరులో ఒక గురువారం నేను ఐవీ ఇంట్లో ఉండగా ఆశ్రమం నుంచి ఫోన్ వస్తే నేనే ఎత్తాను. వినీ కోటు తొడుక్కుని, మధ్యాహ్నం నుంచి తలుపు దగ్గరే కూర్చుందట. ఐవీ బయల్దేరిందా అని నర్సు అడుగుతోంది.

ఐవీ గోడ గడియారంకేసి చూసింది.

"బస్సు ఆలస్యమైందని చెప్పు తల్లీ," అంది.