వెనక చక్రాలా, అన్ని చక్రాలా?

మా బాబాయి ఏ వస్తువునూ ఒంటరిగా చూడలేడు. దాని పక్కన ఇంకొకటి పెట్టి "ఇదా, అదా?" అని అడిగితే తప్ప ఆయనకు మనసు నిలవదు. సబ్బు కొనడానికి వెళ్లి రెండు సబ్బులు కొని, రెండు చేతులూ విడివిడిగా కడుక్కుని, వాసన చూడమని ఇంటిల్లిపాదికీ చేతులు చాపుతాడు.

తప్పు ఆయనది కాదు, వృత్తిది. ముప్పై ఏళ్లుగా ఆయనకు కళ్లజోళ్ల దుకాణం ఉంది. వెనక గదిలో మనిషిని కుర్చీలో కూర్చోబెట్టి, కంటి ముందు ఒక అద్దం వేసి, అది తీసి ఇంకొకటి వేసి, "మొదటిది బాగుందా, రెండోది బాగుందా?" అని రోజంతా అడుగుతూనే ఉంటాడు. సాయంత్రం దుకాణానికి తాళం వేస్తాడు కానీ ఆ ప్రశ్నకు వెయ్యడు.

ఒకసారి సెలూన్‌లో కుడివైపు పొట్టిగా, ఎడమవైపు కాస్త పొడుగ్గా కత్తిరించమన్నాడు, అద్దంలో చూసి తేల్చుకుంటానని. ఆయన తేల్చుకునేలోపు కత్తిరించే మనిషి భోజనానికి వెళ్లిపోయాడు. బాబాయి అలాగే దుకాణానికి వచ్చేశాడు. ఆ మధ్యాహ్నం కళ్లు చూపించుకోవడానికి వచ్చినవాళ్లంతా తమ చూపు తాము అనుకున్నదానికంటే బాగా పాడైందని బెంగపడ్డారు.

"మరి పిన్నిని ఎలా ఎంచుకున్నావు బాబాయ్?" అని అడిగానొకసారి.

జవాబు పిన్ని చెప్పింది. "అప్పుడు పక్కన పోల్చడానికి ఇంకెవరూ లేరు. అది నా అదృష్టమా, దురదృష్టమా అన్నది నేనింకా తేల్చుకోలేదు."

ఇలాంటి మనిషికి పాతికేళ్ల నుంచి ఒక స్పోర్ట్స్ కారు మీద ఆశ. పిల్లలు లేరు, వేరే సరదాలు లేవు, సరే కొనుక్కోమంది పిన్ని. బాబాయి షోరూముకు వెళ్లాడు. అక్కడే ఆయన కొంప మునిగింది. ఆ కారు రెండు రకాల్లో వస్తుందట. చూడడానికి కవలల్లా ఉంటాయి. ఒకదాంట్లో ఇంజను బలమంతా వెనక రెండు చక్రాలకే వెళ్తుంది, ముందు చక్రాలు దారి చూపించడానికే. రెండోదాంట్లో నాలుగు చక్రాలూ కలిసి బండిని లాగుతాయి.

ఇక మా ఇళ్లలో వేరే మాట లేదు. "వెనక చక్రాల బండిలో ప్రాణం ఉంటుందిరా. తోక ఊపుతుంది. అన్ని చక్రాల బండిలో భరోసా ఉంటుంది. వానలో కూడా నేలను వదలదు. ఇప్పుడు చెప్పు, ప్రాణమా, భరోసానా?" అని మా నాన్నను పట్టుకునేవాడు. నాన్నకు డ్రైవింగ్ రాదు. బస్సులనే నమ్ముకుని బతికిన మనిషి. "కిటికీ పక్క సీటు" అనేవాడు.

దుకాణంలోనూ అదే గోల. ఒక పెద్దావిడ కళ్లకు అద్దాలు మార్చి మార్చి చూపిస్తూ, "మొదటిదా, రెండోదా?" అని అడిగాడట. "రెండోది" అందావిడ. "అంటే అన్ని చక్రాలది" అని చీటీ మీద రాసేశాడు. ఆ చీటీ పట్టుకుని ఆవిడ మళ్లీ వచ్చి, తన కళ్లజోడుకు చక్రాలెందుకని అడిగింది.

ఈ గోలంతా మా ఇంట్లో ఒక కష్టం నడుస్తున్న రోజుల్లో జరిగింది. మా అమ్మ ఆసుపత్రిలో నర్సు. మంచం దిగలేని రోగుల ఇళ్లకు కారులో తిరిగి కట్లు మార్చడం, ఇంజెక్షన్లు ఇవ్వడం ఆవిడ పని. అంతకుముందు వానాకాలంలో ఒక ఉదయం, మలుపులో తడి ఆకుల మీద కారు జారి, గిర్రున తిరిగి, ఎవరిదో తోట కంచెకు ఆనుకుని ఆగింది. కంచెకు తప్ప ఎవరికీ దెబ్బ తగల్లేదు. కానీ ఆ రోజు నుంచి కారు తాళం చేతిలోకి తీసుకుంటే అమ్మ చేతులు వణికేవి. ఎంత చిన్న నరమైనా ఒక్క పోటుకే దొరకబుచ్చుకునే చేతులవి. చూడలేకపోయేదాన్ని.

కొన్నాళ్లు తోటి నర్సు తన కారులో తిప్పింది. చివరికి పై అధికారిణి అమ్మను పిలిచి మర్యాదగానే చెప్పింది. ఇంకో నాలుగు నెలలు చూస్తానని, అప్పటికీ సొంతంగా నడుపుకోలేకపోతే రికార్డు గదిలో కూర్చోవలసి వస్తుందని. అమ్మకు ఇరవైమంది రోగులు. అందులో ఒక ముసలాయన అమ్మ తప్ప ఇంకెవరు కట్టు విప్పినా వీధి వీధంతా వినబడేలా అరుస్తాడు. వాళ్లను వదిలేసి ఫైళ్లు సర్దుతూ కూర్చోవడం అమ్మవల్ల అయ్యే పని కాదు.

మేమందరం మాకు తోచిన సాయం చేశాం. "నడపగలవు కదమ్మా, ఒక్కసారి ప్రయత్నించు" అని నేను. "నడపగలవా, లేదా? ఏదో ఒకటి చెప్పు" అని నాన్న. అడిగిన ప్రతిసారీ అమ్మ ఇంకాస్త ముడుచుకుపోయేది.

అలాంటప్పుడు బాబాయి ఊడిపడ్డాడు.

"వదినా, మీతో ఒక పనిబడింది. ఈ కారు సంగతి తేలడం లేదు. శనివారాలు షోరూమువాళ్లు రెండు బళ్లూ నడిపి చూసుకోనిస్తామన్నారు. కానీ నడుపుతూ రాసుకోవడం నావల్ల కాదు. మీరు పక్కన కూర్చుని రాసిపెట్టాలి."

"కార్ల గురించి నాకేం తెలుసయ్యా?"

"అందుకే మీరు కావాలి. తెలిసినవాళ్లయితే వాళ్లకు తెలిసిందే రాస్తారు. మీరు జరిగింది రాస్తారు."

"నేను స్టీరింగు ముట్టుకోను."

"పెన్ను ముట్టుకోండి, చాలు."

నాకు ఒళ్లు మండింది. మనిషి ఉద్యోగం పోయేలా ఉంటే ఈయనకు తన బొమ్మకారు గొడవేమిటని పిన్నితో అనేశాను. పిన్ని నిట్టూర్చి, "నాతోనూ రాయించాడమ్మా. నేను రెండూ ఒకటేనని రాసిచ్చాను. నన్ను తీసేశాడు" అంది.

షోరూమువాళ్లకు ఊరి చివర తారు పరిచిన పెద్ద ఖాళీ స్థలం ఉంది. వానలో బండి ఎలా ఉంటుందో చూపించడానికి గొట్టాలతో నేలంతా తడుపుతారు. గోడల్లేవు, కంచెల్లేవు, గుద్దుకోవడానికి అటూ ఇటూ పెట్టిన ప్లాస్టిక్ డబ్బాలు తప్ప ఏమీ లేవు. నేను ఒక పక్క రేకుల షెడ్డు కింద, బట్టతల సేల్స్‌మన్ పక్కన నిలబడి చూసేదాన్ని. బాబాయి కావాలని యాక్సిలేటర్ తొక్కేవాడు. వెనక చక్రాల బండి తోక జారేది, ఆయన సరిదిద్దేవాడు. అప్పుడు దిగి, అమ్మను దించి, రెండో బండి ఎక్కించి, అదే మలుపు, అదే వేగం.

అమ్మ రోగుల చార్టు రాసినట్టే రాసింది. "వెనక చక్రాల బండి. పది గంటల పది నిమిషాలకు తోక జారింది. మూడు సెకన్లలో కుదురుకుంది. డ్రైవరు స్పృహలో ఉన్నాడు. అన్ని చక్రాల బండి. జారలేదు. డ్రైవరుకు నిరాశ."

ఐదో శనివారం బాబాయి మణికట్టు పట్టేసింది. "ఈ ఒక్క మలుపు మీరు తిప్పండి వదినా. వేగం వద్దు, మనిషి నడిచినట్టు వెళ్లినా చాలు. నేను రాస్తాను. పోలిక మధ్యలో ఆగిపోతే నాకు వారమంతా నిద్ర పట్టదు."

అమ్మ చాలాసేపు ఆయన మణికట్టు వంక చూసింది. తర్వాత అటువైపు వెళ్లి కూర్చుంది. బండి నత్తలా ఒక చుట్టు తిరిగి వచ్చింది. దిగి రెండోది ఎక్కింది. అదీ తిరిగి వచ్చింది. భయం వేసిందా, చేతులు వణికాయా, ఇలాంటివేవీ బాబాయి అడగలేదు. అడిగింది ఒక్కటే. "మొదటిదా, రెండోదా?"

"మొదటిదానికి బ్రేకు మెత్తగా ఉంది" అంది అమ్మ. అని, ఆలోచించి, "ఉండు, మళ్లీ చూడాలి" అంది.

ఆ మణికట్టు మరి బాగుపడలేదు. నర్సు ఎదురుగా నెలల తరబడి మణికట్టు నొప్పి నటించడానికి చాలా ధైర్యం కావాలి. ఒక వారం కుడిచేతికి కట్టుకున్న గుడ్డ, మరుసటి వారం ఎడమచేతికి ఉండేది.

పదకొండో శనివారం వెనక చక్రాల బండి అమ్మ చేతుల్లో నిజంగా జారింది. తోక ఒక్కసారిగా పక్కకు పోయింది. నేను కళ్లు మూసుకున్నాను. తెరిచేసరికి అమ్మ, బండి తోక ఎటు పోతోందో స్టీరింగు అటే తిప్పి, వెళ్లాలనుకున్న వైపే చూస్తోంది. బండి బుద్ధిగా దారిలోకి వచ్చింది. అమ్మ మా షెడ్డు ముందు బండి ఆపి, అద్దం దించి, పక్కన కూర్చున్న బాబాయితో మాకూ వినబడేలా, "రాసుకున్నావా? రెండున్నర సెకన్లు. నీకంటే అర సెకను తక్కువ" అంది. బాబాయి తల వంచుకుని శ్రద్ధగా రాసుకున్నాడు. మా సేల్స్‌మన్ జేబురుమాలు తీసి ముక్కు చీదాడు. జలుబేమో అనుకున్నాను.

గడువు ఇంకా పది రోజులుందనగా, ఒక ఉదయం బాగా వాన పడుతోంది. అమ్మ ఎవరికీ చెప్పకుండా తాళం తీసుకుని తన పాత కారులో వెళ్లిపోయింది. నాన్న పేపరు తలకిందులుగా పట్టుకుని మధ్యాహ్నం దాకా కిటికీ దగ్గరే నిలబడ్డాడు. అమ్మ వచ్చి గొడుగు దులుపుకుంటూ, "ఆ ముసలాయనకు కట్టు ఎవరు కట్టారో గానీ, మరీ వదులుగా కట్టారు" అని విసుక్కుంది. అంతే. రికార్డు గదికి వేరే మనిషిని వెతుక్కున్నారు.

రెండు వారాల తర్వాత బాబాయి కారు వచ్చింది. వెనక చక్రాలది. ఇంటి ముందు నిలబెట్టి, చూడడానికి రమ్మని మమ్మల్నందర్నీ పిలిచాడు. లోపల కూర్చుని చూస్తుంటే కాగితాల కవరు కనబడింది. తీసి చదివాను. ఆర్డరు ఇచ్చిన తారీఖు చూసి, మళ్లీ చూశాను. అమ్మను మొదటిసారి తీసుకెళ్లిన శనివారానికి ముందు మంగళవారం.

బాబాయిని దుకాణం వెనక గదిలో పట్టుకున్నాను. "నువ్వు ముందే తేల్చేసుకున్నావు."

ఆయన అద్దాల పెట్టె తెరిచి తుడుస్తూ కూర్చున్నాడు. "బండి తయారై రావడానికి ఎలాగూ నెలలు పడుతుందన్నారు. ఈలోగా ఆ స్థలం వాడుకోనివ్వమని సేల్స్‌మన్‌ను అడిగాను. మంచివాడు, ఒప్పుకున్నాడు."

"మరి అమ్మతో నేరుగా నేర్పిస్తానని చెప్పొచ్చుగా?"

"ఈ కుర్చీలో కూర్చున్న మనిషిని కనబడుతోందా అని అడిగామనుకో, కనబడదంటే ఏమవుతుందోనని బిగుసుకుపోతాడు. ఏది బాగుందని అడిగితే భయం సంగతి మర్చిపోయి చూడడం మొదలుపెడతాడు. మీరంతా వదినను నడపగలవా అని అడిగారు. నేను ఏది బాగుందని అడిగాను. నాకు వచ్చిన విద్య అదొక్కటే కదా." తర్వాత గొంతు తగ్గించి, "మీ అమ్మకు చెప్పకు. తనే నాకు సాయం చేశాననుకుంటోంది, అలాగే అనుకోనీ" అన్నాడు.

నేనాయన్ను తిట్టుకున్న తిట్లన్నీ గుర్తొచ్చి సిగ్గుపడ్డాను. కానీ అమ్మ దగ్గర ఏదీ దాచలేను. ఆ సాయంత్రమే వంటింట్లో నసిగాను. "అమ్మా, బాబాయి ఆ కారు..."

"ముందే కొనేశాడు. తెలుసు."

"ఎలా తెలుసు?"

"వారం వారం వచ్చి కొనకుండా వెళ్లిపోయే మనిషికి ఏ సేల్స్‌మనైనా నవ్వుతూ టీ ఇస్తాడా? మూడో వారానికే అర్థమైంది. ఆయన పాపం అంత కష్టపడి అబద్ధమాడుతుంటే పాడుచెయ్యడమెందుకని ఊరుకున్నాను."

అని, గిన్నె కడగడం ఆపి, చేతులు తుడుచుకుని, నేను తప్ప వినేవాళ్లెవరూ లేరని చూసుకుని దగ్గరకు వచ్చింది. "ఒక సంగతి చెప్తాను, ఆయనతో అనకు. పద్నాలుగు వారాల చార్టులు నా దగ్గరే ఉన్నాయి, నాలుగుసార్లు చదివాను. అన్ని చక్రాల బండే మంచిది. జన్మకొకసారి తొందరగా తేల్చుకున్నాడు, అదీ తప్పే తేల్చుకున్నాడు. తెలిస్తే బాధపడతాడు."