బావగారి ప్యాచ్

మా బావ చేతికి పని వచ్చో రాదో ఇప్పటికీ తేలలేదు గానీ, నోటికి మాత్రం బాగా వచ్చు. పంక్చర్లు వేస్తూ మొదలుపెట్టి, షెడ్డుకు పైకప్పు పడేసరికి ఏ బండికైనా తానే వైద్యుణ్ణన్నాడు. మా అక్క ఆ మాట నమ్మి పెళ్లాడింది. అమ్మ అంతకంటే నమ్మింది. "మా అల్లుడి చెయ్యి పడితే ఇనుమైనా మాట వింటుంది" అని ఇరుగుపొరుగుకు చెప్పుకునేది. ఆ మాట వచ్చినప్పుడల్లా నేను వంటింట్లోకి పోయేదాన్ని.

బావ సొంత బండి నాలుగు చక్రాలూ లాగే పెద్ద జీపు. దానికి స్ప్రింగుల బదులు రబ్బరు బెలూన్లు. కంప్రెసర్ గాలి నింపితే లేస్తుంది, వదిలితే దిగుతుంది. అమ్మకు తుంటి ఆపరేషనయింది. ఎత్తుకు ఎక్కకూడదు, మరీ కిందా కూర్చోకూడదు, కాలు మెలిపడితే మళ్లీ కొయ్యాల్సిందే అన్నాడు డాక్టరు. మీట నొక్కితే కావలసిన ఎత్తుకు దిగే బండి మనకుందిగా అని బావ ఛాతీ విరిచాడు. సరిగ్గా అప్పుడే ఆ బండి ఎడమవైపు వెనక మూల చతికిలబడింది.

ఆడలేక మద్దెల ఓడన్నట్టు, తప్పంతా కంప్రెసర్‌ది అన్నాడు. కొత్తది బిగించాడు. తెల్లారేసరికి మళ్లీ అదే మూల కుంగింది.

"గాలి ఎక్కడో పోతుంటే పాపం కంప్రెసర్ ఏం చేస్తుందండీ?" అంటూ అక్క గిన్నెలు తోమే సబ్బునీళ్లు తెచ్చి బెలూన్ మీద పోసింది. రబ్బరు మడతలోంచి బుడగలు పొంగాయి.

"సబ్బునీళ్లన్నాక నురగ రాదా?" అన్నాడు బావ.

ఇలాంటి మనిషిని ఏమనాలి? మధ్యాహ్నానికి ఆ చీలిక తానే కనిపెట్టినట్టు చెప్పాడు. అలా చీలిన బెలూన్ మార్చడమే గతి. కానీ బావకు రబ్బరు కనబడితే ప్యాచ్ వేయాలనిపిస్తుంది. బండిని జాకీ మీద ఎత్తి, చక్రం వేలాడుతుండగానే గీకి, సొల్యూషన్ పూసి అంటించాడు. మడత విప్పుకుని ఉంది, మీద బరువు లేదు, సబ్బునీళ్లకు ఒక్క బుడగ రాలేదు.

"దించి, బరువు మీద కూడా చూడు బావా. రేపు ఎక్కేది అమ్మ."

"నువ్వా నాకు చెప్పేది? నా ప్యాచ్ ఊడిన రోజున షెడ్డు మూసేస్తా!"

తాను పట్టిన కుందేలుకు మూడే కాళ్లు.

మర్నాడు అమ్మను ఇంటికి తీసుకెళ్లడానికి వచ్చాం. ఆసుపత్రి గుమ్మంలో బండి బుద్ధిగా కిందికి దిగింది. అమ్మను చక్రాల కుర్చీలోంచి లేపి, ఎడమవైపు వెనక సీట్లో మెల్లగా కూర్చోబెట్టాం. అక్క పక్కనే తలుపు పట్టుకుని నిలబడింది. బావ మాకేసి ఒక చూపు చూసి, లేపే మీట నొక్కాడు. కుడివైపు లేచింది. ఎడమవైపు బుస్సుమని కూలింది. అమ్మ ఆ కోసిన కాలి మీదికే, తెరిచిన తలుపు వైపు జారింది. అక్క భుజం అడ్డం పెట్టి ఆపింది. అమ్మ కెవ్వున అరిచింది.

ఇద్దరం అమ్మను మళ్లీ చక్రాల కుర్చీలోకి చేర్చాం. నర్సు వచ్చి కాలు చూసి, ఏం కాలేదంది. బావ అప్పటికి బానెట్ ఎత్తి నిలబడ్డాడు.

"ఈ కంప్రెసర్ కూడా నాసిరకందే అత్తయ్యా."

అక్క ఫోన్ తీసి, మా షెడ్డుకు ఎదురు షెడ్డు మెకానిక్‌కు చేసింది. "అన్నయ్యా, మా బండికి వెనక బెలూన్ చీలింది. మీరొచ్చి చెయ్యాలి. మా ఆయనా? ఆయనకు పంక్చర్లే వచ్చు."

బావ మొహం మాడిపోయింది. అల్లుణ్ణి వెనకేసుకొస్తుందని నేను అమ్మ వైపు చూశాను.

"కొత్త బెలూన్ తెమ్మని చెప్పవే," అంది అమ్మ.