పురిటి గదిలో పగటి నిద్ర

పక్క వాటాలో వాళ్ళ అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. రోజూ పొద్దున నేను బడికి పోవడానికి జడ వేసుకునే వేళకు, రెండు వాటాలకూ మధ్య ఉన్న పొట్టి గోడ మీదుగా సాంబ్రాణి పొగ వస్తుంది. దాని వెనకాలే నేతిలో వేగే వెల్లుల్లి, సొంఠి ఘాటు, నలుగుపిండిలో కలిపిన నువ్వులనూనె వాసన ఒకటొకటిగా వచ్చి నా గదిలో కూర్చుంటాయి. పంతులమ్మ ఉద్యోగానికి నేను నెల్లూరు వచ్చి ఏడాది దాటినా ఆ ఇంటివాళ్ళతో గట్టిగా నాలుగు మాటలు మాట్లాడింది లేదు. పలకరిస్తే నవ్వి, తల ఊపి, లోపలికి వచ్చేసే మనిషిని. కానీ ఈ వాసనలు మొదలైనప్పటి నుంచి డైరీ ముందు కూర్చుంటే ఆ రోజు జరిగినది రాయబుద్ధి కావడం లేదు. నాకింకా డైరీ అంటే ఏమిటో తెలియని తొమ్మిదో ఏటికి, సముద్రానికి దగ్గరగా ఉన్న మా అవ్వగారి ఊరికి, అక్కడ గడిపిన ఒక వేసవికి మనసు పోతోంది.

ఇందుకూరుపేట దాటి మైపాడు వైపు పోయే దారిలో ఉండేది ఆ ఊరు. అక్కడ నిద్ర అనేది ఎవరూ వెతుక్కోవలసిన వస్తువు కాదు. ఎండాకాలం పొద్దు వాలుతుండగానే గాలి దిక్కు మారి సముద్రం మీద నుంచి రావడం మొదలయ్యేది. ఆ గాలి తగలగానే అవ్వ వాకిట్లో కళ్ళాపి చల్లించి, తడిసిన మట్టి వాసన ఇంకా లేస్తుండగానే నులక మంచాలు బయట వేయించేది. చీకటి పడకముందే మొలగొలుకుల అన్నంలో పొద్దున చేసిన చేపల పులుసు కలుపుకుని, అడుగున మిగిలిన మామిడికాయ ముక్కల కోసం పిల్లలం పోట్లాడుకుని, చేతులు కడిగినా పోని ఆ పులుసు వాసనతోనే మంచాలెక్కేవాళ్ళం. దూరాన సరుగుడు తోపుల్లో గాలి ఒకటే హోరు. ఆ హోరు సముద్రానిదా, చెట్లదా అని తేల్చుకోవాలని నేను రోజూ చెవులు రిక్కించేదాన్ని. తేలకముందే నిద్రపట్టేది. పట్నంలో కరెంటు దీపాలకింద పుస్తకం పట్టుకుని ఎంతసేపటికీ కన్ను మూతపడని రాత్రులు గడిపాక గానీ, ఆ నిద్ర ఎంత పెద్ద కలిమో నాకు తెలిసి రాలేదు.

ఆ ఏడు ఉగాది వెళ్ళిన కొద్ది రోజులకు, మనుబోలు దగ్గర ఉన్న మా ఊరి నుంచి అమ్మ పురిటికని పుట్టింటికి వచ్చింది. బడికి సెలవులిచ్చారు గనక నేనూ వెంట వచ్చాను. తమ్ముడు పుట్టాడు. పుట్టిన మర్నాటి నుంచి రాత్రుళ్ళు ఒకటే ఏడుపు. అందరం బయట సముద్రపు గాలికి ఒళ్ళు మరిచి నిద్రపోతుంటే, తలుపులన్నీ బిగించిన పురిటి గదిలో అమ్మ ఒక్కతే వాడిని భుజాన వేసుకుని తిరిగేది. అవ్వ సాయం వెళ్ళేది గానీ, వాడికి అమ్మ భుజమే కావాలి.

పగలు పడుకుందామంటే పెద్దవ్వ ఒప్పుకునేది కాదు. పెద్దవ్వ అంటే మా తాత అక్క. చిన్నతనంలోనే భర్త పోతే పుట్టింటికి వచ్చేసి, అప్పటి నుంచి ఆ ఇంటి పెత్తనమంతా చేస్తున్న మనిషి. సన్నగా, నిటారుగా, తాటిమట్టలాగా ఉండేది. బాలింత పథ్యాలన్నీ ఆమె చేతిమీదుగానే జరగాలి. చెవుల్లో దూది, తలకు గుడ్డ, మంచం కింద కుంపటి, పొద్దున్నే పిప్పళ్ళు, సొంఠి, పాతబెల్లం దంచి నేతిలో ఉడికించిన కాయం ఉండ, పాలు పడాలని చేపలమ్మే పల్లెకారు ఆడమనిషి ప్రత్యేకంగా తెచ్చిచ్చే పాలసొర చేప. ఇవన్నీ అమ్మ సంతోషంగానే తినేది, పెట్టించుకునేది. ఒక్కటే ఆమెను పిండేసింది. బాలింత పగటిపూట కన్ను మూయకూడదు. మూస్తే ఒంటికి నీరు పడుతుంది, వాతం కమ్ముతుంది, బిడ్డకు కీడు. ఆ రోజుల్లో చాలా ఇళ్ళల్లో ఆ మాట ఉండేది గానీ, పెద్దవ్వ పట్టినంత గట్టిగా ఎవరూ పట్టేవాళ్ళు కాదు. అన్నాలవగానే అమ్మను గోడకు ఆనించి కూర్చోబెట్టి, తాను తలుపు అవతల అరుగు మీద కూర్చుని, చింతపిక్కలు కొడుతూనో, ఒత్తులు చేస్తూనో, మధ్య మధ్య "కూసోనుండావా?" అని కేకేసేది.

అమ్మ రోజు రోజుకూ వాడిపోతూ వచ్చింది. కళ్ళ కింద నలుపు దిగింది. పాలు తగ్గాయి, దానితో తమ్ముడి ఏడుపు ఇంకా పెరిగింది. ఒక మధ్యాహ్నం నేను గుమ్మంలో అచ్చనగాయలు ఆడుతుండగా, కూర్చుని పాలిస్తున్న అమ్మ తల పక్కకు ఒరిగింది, చేతులు వదులయ్యాయి, తమ్ముడు ఆమె ఒడి మీంచి జారాడు. చాప మీదనే పడ్డాడు గనక దెబ్బ తగల్లేదు. కానీ అమ్మ వాడిని గుండెకు అదుముకుని వణికిన వణుకు నేను ఎన్నడూ మరచిపోలేదు. వాడి ఏడుపు విని పెద్దవ్వ లోపలికి వచ్చింది. జరిగింది తెలుసుకుని, ఇకమీదట అమ్మ తూగకుండా చూసే పని నాకు అప్పజెప్పింది.

"ఏమ్మే, నీకు చదువొచ్చు గదా! మీయమ్మకాడ కూసోని ఏదన్నా చదవతా ఉండు. కథలింటే నిద్దర రాదు. ఆమె ఊఁ కొట్టేది నాకు ఇనబడాల."

బడిలో పేరు పిలిస్తే 'వచ్చానండీ' అని చెప్పడానికి కూడా గొంతు రాని పిల్లను నేను. మామయ్య ఎప్పుడో తెప్పించి పాత పెట్టెలో పడేసిన పిల్లల పత్రికల కట్ట విప్పి, అట్టపోయిన ఒకటి తీసుకుని, చెవులు వేడెక్కిపోతుండగా చదవడం మొదలుపెట్టాను. జలుబు చేసిన రాజుగారి ఏనుగు కథ అది. ఊళ్ళో ప్రతివాడూ ఒక కషాయం తెచ్చి దాని తొండంలో పోస్తాడు. మొదటి కషాయం ఇంకా మరగకముందే అమ్మ తల నా భుజానికి తగిలింది.

"ఒక్క కునుకమ్మా, పాపా," అంది కళ్ళు మూసుకునే. "నువ్వు ఆపబాక. నీ గొంతు ఇనబడతా ఉంటే ఆమె లేచి రాదు."

"మరి ఊఁ కొట్టేదెవురుమా?"

అప్పటికే నిద్రపోయింది.

అందుకని ఊఁ కూడా నేనే కొట్టాను. ఒక వాక్యం నా గొంతుతో చదవడం, తర్వాత గొంతు కాస్త లావు చేసి, అమ్మ లాగా, సాగదీసి "ఊఁ" అనడం. మొదట్లో నాకే నవ్వొచ్చేది. తరవాత్తరవాత ఆ రెండు గొంతులూ అలవాటయ్యాయి. నిద్రపోయే మనిషి ముందు సిగ్గుపడవలసిన పని లేదు గదా. తప్పు చదివితే దిద్దేవాళ్ళు లేరు, నవ్వేవాళ్ళు లేరు. తలుపు సందులోంచి వచ్చిన సన్నటి ఎండ పట్టెలో, కుంపటి వెచ్చదనంలో, అమ్మ ఊపిరి నా మెడకు తగులుతుండగా, నేను అక్షరం అక్షరం ఆస్వాదిస్తూ చదివాను. ఈనాడు నాకున్న పుస్తకాల పిచ్చి అక్కడ అంటుకున్నదే. ఎండ పట్టె గూట్లోని దీపపుసెమ్మె దాకా జరిగితే అమ్మను తట్టి లేపేదాన్ని. ఆమె లేచి, చెంగుతో ముఖం తుడుచుకుని, బయటికి వినబడేట్టు "ఆఁ, ఆ తరవాత?" అనేది. ఇద్దరం నోళ్ళు మూసుకుని నవ్వుకునేవాళ్ళం.

కొద్ది రోజుల్లోనే అమ్మ ముఖం తేటపడింది. పాలు పడ్డాయి. కడుపు నిండిన తమ్ముడు రాత్రి ఒకసారి లేచి మళ్ళీ పడుకోవడం నేర్చాడు. "చూసినారా, నా పథ్యం!" అని పెద్దవ్వ వచ్చినవాళ్ళకల్లా చెప్పుకునేది. అవ్వ అమ్మ వంకా, నా వంకా చూసేది.

రోహిణీ కార్తె వచ్చింది. ఆ ఎండలకు ఇంటి పెంకులు చిటపటలాడేవి. మధ్యాహ్నం కాకి కూడా నోరు తెరిచేది కాదు. అలాంటి ఒక పూట, తాటి ముంజలు కడుపునిండా తిని ఏనుగు కథ మళ్ళీ మొదలుపెట్టిన నేను, ఎప్పుడు పడ్డానో తెలియదు, అమ్మ పక్కనే నిద్రలోకి జారిపోయాను. మెలకువ వచ్చేసరికి గదిలో కథ జరుగుతూనే ఉంది. చదువుతున్నది నేను కాదు. అవ్వ గుమ్మం దగ్గర కూర్చుని, ఒక చేత్తో మా ముగ్గురికీ విసనకర్రతో విసురుతూ, గొంతు పెంచి చెబుతోంది. అవ్వకు అక్షరం రాదు. గోడ అవతల వంటింట్లోంచి అన్నాళ్ళూ విన్నదే ఆమె చదువు.

"అప్పుడా ఏనుక్కి మళ్ళా తుమ్మొచ్చినాది. ఊఁ. కోవూరు నించి ఒక మంత్రసాని వచ్చినాది. ఊఁ. సొంఠీ పిప్పళ్ళూ దంచి ఇంత కాయం ఉండ నోట్లో పెట్టినాది. ఊఁ. నువ్వు మాత్తరం పగటిపూట పండుకోబాక ఏనుగా, పండుకుంటే కాళ్ళు వాస్తాయి అనినాది. దాని కాళ్ళు ముందే రోళ్ళ మాదిరి ఉండాయి గదా, ఇంకేం వాస్తాయి!"

నాకు నవ్వు ఆగలేదు. నా నవ్వు ఆగకముందే తలుపు తోసుకుని పెద్దవ్వ లోపలికి వచ్చింది. రోజూ అరుగు మీద ఆ కథ వింటున్న మనిషి. అందులో కాయం ఉండలు లేవని ఆమెకు తెలుసు.

అమ్మ వెల్లకిలా, నోరు కొద్దిగా తెరిచి, తమ్ముడి మీద చెయ్యి వేసుకుని నిద్రపోతూ ఉంది. అవ్వ విసనకర్ర ఆగిపోయింది.

"ఎన్నాళ్ళనించి ఈ నాటకం?"

అంతకు ముందు నేనెన్నడూ పెద్దవ్వకు ఎదురుగా నిలబడి నోరు తెరిచి ఎరగను. ఇప్పుడు అమ్మను లేపేస్తుందన్న భయం ఒకటే నన్ను లేపి నిలబెట్టింది.

"రోజూ, పెద్దవ్వా. నువ్వు చదవమన్న కాణ్ణించి. అమ్మని తిట్టబాక. ఊఁ కొట్టేది నేనే."

పెద్దవ్వ నన్ను తిట్టలేదు. వంగి, అమ్మ పాదాల మీది దుప్పటి తీసి, చీలమండ పైన బొటనవేలితో గట్టిగా నొక్కింది. వేలు తీసి, అక్కడ గుంట నిలబడుతుందేమోనని చూసింది. నిలబడలేదు. రెండో కాలూ నొక్కింది. అమ్మ నుదుటి మీద, తర్వాత తమ్ముడి రొమ్ము మీద అరచెయ్యి పెట్టి చాలాసేపు ఉంచింది. అప్పుడు మెల్లగా నేల మీద చతికిలబడింది.

"నీరు పట్టలా," అంది. "బిడ్డ ఎచ్చంగా ఉండాడు."

"అవును వదినా."

"నేను ఒక్క పూటే గదా పండుకున్నింది. ఒక్క పూట. లేసి చూస్తే సల్లబడిపోయి ఉండాడు. నువ్వు నిద్దరపోయి బిడ్డని మింగినావు అనిరి అందురూ."

పెద్దవ్వకు ఒక బిడ్డ పుట్టాడన్న సంగతి నాకు ఆ క్షణం దాకా తెలియదు. తన వల్ల జరిగిందనుకున్నది ఇంకొకరికి జరగకూడదని, ఆ ఇంట్లో పురుడు పోసుకున్న ప్రతి ఆడపిల్ల నిద్రకూ ఆమె అడ్డం కూర్చుందన్నమాట.

అవ్వ విసనకర్ర పక్కన పెట్టి ఆమె చెయ్యి పట్టుకుంది. "ఏం వచ్చి పోయినాడో మనకి తెలవదు వదినా. నిద్దర వల్ల మాత్తరం గాదు. ఇదో, ఈళ్ళు కంటిముందర ఉండారు గదా."

పెద్దవ్వ ఏడవలేదు. కొంగు సర్దుకుని లేచి, ఎండ పట్టె అమ్మ ముఖం మీద పడకుండా తలుపు దగ్గరగా వేసి, బయటికి పోతూ ఒక్క మాట అంది. "ఆ పిల్లని లేపబాకండి."

మర్నాటి నుంచి ఆ అరుగు మీది కాపలా తిరగబడింది. గాజుల శెట్టి వీధి మొదట్లో కేక వేస్తే కర్ర ఊపుతూ ఎదురుపోయి, "బాలింత నిద్దరపోతా ఉండాది, పొద్దు వాలినాక రాపో" అనేది. చూడవచ్చిన చుట్టాలను పందిట్లోనే కూర్చోబెట్టి మజ్జిగ ఇచ్చేది. అమ్మ చాటు లేకుండా కాళ్ళు చాపుకుని నిద్రపోయింది. ఇక చదవవలసిన పని లేదు గదా అని నేను పత్రిక మూస్తే, తలుపు అవతల నుంచి కేక వచ్చింది.

"ఏమ్మే, ఏనుగు ఏమైనాదే? చదువు."

అరుగు మీదికి పోయి, పెద్దవ్వ పక్కన కూర్చుని, నెమ్మదిగా చదివాను. ఊఁ కొట్టడం ఆమె వంతు. మొదట గట్టిగా, వాక్యానికొకటి. తర్వాత రెండు మూడు వాక్యాలకొకటి. మూడో కషాయం దగ్గర అసలు లేదు. తల ఎత్తి చూస్తే, ఒత్తుల పత్తి చేతిలో అలాగే ఉండగా, పెద్దవ్వ గోడకు ఒరిగి గురక పెడుతోంది. ఆమె పగలు పడుకోగా ఆ ఇంట్లో ఎవరూ చూడలేదట. వంటింట్లోంచి వచ్చిన అవ్వ నోటి మీద వేలు పెట్టి నాకు సైగ చేసి, ఆమె చేతిలోని పత్తి మెల్లగా తీసి, తల కింద చీర మడత ఒకటి దోపింది.

ఆ ఊళ్ళో ఇప్పుడు రోడ్డు వెడల్పు చేసి అరుగులన్నీ తీసేశారు. పెద్దవ్వ ఇంకా కొన్నేళ్ళు బతికి, ఒక్క మధ్యాహ్నం కూడా మానకుండా పడుకుని, వెళ్ళిపోయింది. అవ్వ కూడా లేదు. పిల్లల పత్రికల కట్టను చెదలు తిన్నాయి. కాన్పులకు ఇప్పుడు అందరూ పట్నం ఆసుపత్రులకు వస్తున్నారు. మంచం కింద కుంపటి పెట్టేవాళ్ళు, పాలసొర కోసం పల్లెకు మనిషిని పంపేవాళ్ళు తగ్గిపోయారు. ఏనుగు కథలో చివరికి ఏమవుతుందో ఎంత ఆలోచించినా నాకు గుర్తు రావడం లేదు, దాని చివరిదాకా మేలుకుని విన్నవాళ్ళు ఇప్పుడు మా ఇంట్లో ఎవరూ లేరు గనక అడగడానికీ లేదు. మనుబోలు దగ్గర మా ఊళ్ళో మాత్రం, అన్నాలు కాగానే అమ్మ వీధి తలుపు బార్లా తీసి, నడవలో చాప వేసుకుని పడుకుంటుంది. సెలవులకు నేను వెళ్ళినప్పుడు ఎవరైనా గుమ్మంలో నిలబడి "మీయమ్మ ఏం చేస్తా ఉండాది?" అని అడిగితే, పలకరింపులకు బెదిరే నేనే లేచి పోయి, దాచకుండా జవాబు చెబుతాను: "నిద్రపోతా ఉండాది."