నాలుగు క్యాసెట్ల మీద చంద్రిక పెళ్లి

అమీర్‌పేటలో సాఫ్ట్‌వేర్ కోర్సుల కరపత్రాలు కాళ్లకింద పరపరలాడే ఒక సందులో, మూడో అంతస్తులో ఉంది నర్సింహులు మిక్సింగ్ గది. పెళ్లిళ్లు వీడియో తీసి, వాటిని వరుసగా పేర్చి, పాటలు కలిపి, డీవీడీ చేసి ఇవ్వడం ఆయన పని. మెదక్ వైపు పల్లెటూరి బడిలో ఏడో తరగతి దాకా చదివాడు. కింది అంతస్తులో ఇంజనీర్లు ఫీజులు కట్టి కంప్యూటర్ నేర్చుకుంటుంటే, పైన ఆయన ఎవరినీ అడక్కుండా నేర్చుకున్నాడు. పదకొండు వందల పెళ్లిళ్లు తీశాడు. ఒక్క తాళి తప్పిపోలేదు. ఎర్రగడ్డలో ఒకసారి సరిగ్గా ముహూర్తానికి కరెంటు పోతే, పెళ్లికొడుకు మేనమామ స్కూటర్‌ను మండపం ముందుకు తోయించి, ఆ లైటు వెలుగులో మూడు ముళ్లూ తీశాడు.

అంతటి మనిషికి 2009లో లాప్‌టాప్ చుక్కలు చూపించింది. ఐలయ్య కూతురు చంద్రిక పెళ్లి వీడియో అది. శుక్రవారం పెళ్లికొడుకు ఇంట్లో చుట్టాలందరి ముందూ వేయాలి. మొదట్లోనే తామరపువ్వు విచ్చుకొని, అందులోంచి పెళ్లికూతురు ముఖం రావాలి. రేకులు సగం విచ్చుకునేసరికి తెర బిగుసుకుపోతోంది.

పక్క గదిలో ఇదే పని చేసే రాఘవేందర్ తొంగి చూశాడు.

"నర్సింహులన్నా, గిది ముసల్దైంది. గ్రాఫిక్స్ కార్డు మార్పియ్యి. లేకుంటే గా పెండ్లి నాకియ్యి, చేసిపెడ్త."

"నా పెండ్లి నీకిచ్చుడా? నీకు కెమెరా పట్టుకునుడు నేర్పిందెవలు?"

అన్నాడు గానీ మళ్లీ తెర వైపే చూశాడు నర్సింహులు. ఒప్పుకున్న పెళ్లి చేయి దాటిపోతే ఇరవై ఏళ్ల పేరు దాంతోపాటే పోతుంది.

బుధవారం పొద్దున్నే లాప్‌టాప్ సంచి భుజాన వేసుకుని పంజాగుట్టలో రిపేరు షాపు నడిపే తారక్ దగ్గరికి వెళ్లాడు. తారక్‌ది భీమవరం దగ్గర.

"కార్డు ఒక్కటే మార్చడానికి ఇది పెద్ద కంప్యూటర్ కాదండీ. దీంట్లో అది బోర్డుకే అతికేసి ఉంటుంది. మారిస్తే బోర్డు మొత్తం మార్చాలి. దానికన్నా కొత్తది కొనుక్కోవడం మేలు. ఏదీ, ఆ పువ్వు చూపించండి."

గాజు బల్ల మీద పెట్టి నడిపారు. పువ్వు విచ్చుకుంది. చంద్రిక నవ్వింది. మళ్లీ నడిపారు. మళ్లీ నవ్వింది.

"ఏంటండీ, నా దగ్గరకొచ్చేసరికి బుద్ధిమంతురాలైపోయింది? రెండ్రోజులు ఉంచి వెళ్లండి, చూస్తాను."

"ఉంచుడు కుదరదు సార్. అండ్ల ఆడపిల్ల పెండ్లున్నది."

గదికి తిరిగొచ్చి ఎప్పటి చోటే పెట్టాడు. గంట తిరక్కుండానే పువ్వు బిగుసుకుంది.

అక్కడ నడిచింది ఇక్కడ ఎందుకు ఆగింది? కార్డు అదే, పువ్వు అదే. నర్సింహులు చూపు లాప్‌టాప్ కిందున్న ఎర్ర మఖమల్ మెత్త మీద పడింది. అన్నం పెట్టే యంత్రాన్ని వట్టి బల్ల మీద పెట్టడం ఆ ఇంట్లో లేదు. మొదటి కెమెరా కొన్ననాటి నుంచీ భార్య భూలక్ష్మి మెత్తలు కుడుతూనే ఉంది. పోయిన వారమే దూది దండిగా కూరి కొత్తది తెచ్చింది.

లాప్‌టాప్ కింద చెయ్యి పెట్టాడు. ఇస్త్రీపెట్టెలా చురుక్కుమంది. గాలి పీల్చే సందులన్నీ అడుగునే ఉన్నాయి. మెత్త వాటిని మూసేసింది. మండపాల్లో లైట్ల మీద ఎవరైనా తువ్వాలు వేస్తే "మాడిపోతది, గాలి ఆడనియ్యుండ్రి!" అని గొంతు చించుకునేది తనే.

మధ్యాహ్నం అన్నం తెచ్చిన భూలక్ష్మి చూసింది.

"మెత్త తీసినవేంది? మస్తు ఇష్టంగ కుట్టిన."

"నీ ప్రేమ దానికెక్కువైంది. ఊపిరాడ్తలేదు."

"ముప్పై ఏండ్లసంది నీకైతే ఆడుతున్నది గదా!"

నర్సింహులు నవ్వుతూనే బీరువా అడుగు నుంచి నాలుగు పాత వీడియో క్యాసెట్లు తీశాడు. ఆయన తీసిన మొదటి నాలుగు పెళ్లిళ్లవి. లాప్‌టాప్ నాలుగు మూలల కిందా వాటిని పెట్టి, కెమెరా అద్దం తుడిచే కుంచెతో సందుల్లో దుమ్ము దులిపి, నడిపాడు. పువ్వు విచ్చుకుంది. పొద్దుగూకేలోగా అప్పగింతలు కూడా అయిపోయాయి. ఎక్కడా ఆగలేదు.

గురువారం డీవీడీ తన చేత్తోనే ఐలయ్యకిచ్చి వచ్చాడు. రాఘవేందర్ గుమ్మంలోనే పట్టుకున్నాడు.

"కార్డు ఏడ మార్పిచ్చినవన్నా?"

"కార్డేం మార్చలే."

ఎర్ర మెత్తను కుర్చీలో వేసుకుని, దాని మీద దర్జాగా కూర్చున్నాడు నర్సింహులు.

"మెత్త మార్చిన. గిది పదకొండు వందల ఒకటో పెండ్లి."