ఒకే పేరున్న రాళ్ళు

మా అమ్మాయి కాలేజీలో చదివేటప్పుడే మెట్లెక్కాలంటే మోకాలి మీద చెయ్యి ఆనించేది. బద్ధకం అని కసిరాం. తర్వాత బలం చాలదేమోనని రాగిజావ, గుడ్లు పెట్టాం. ఉద్యోగంలో చేరాక ఒకరోజు నేలమీద కూర్చున్నది లేవలేక, తన తొడలే పట్టుకుని వాటిమీదుగా పైకి పాకుతున్నట్టు లేచింది. మా ఆయన చేతిలోని కాఫీ గ్లాసు కిందపెట్టి బయటికి వెళ్ళిపోయారు.

కోయంబత్తూరులో పెద్ద ఆసుపత్రిలో అన్ని పరీక్షలూ చేసి, కండరాలు కరిగిపోయే జబ్బు అన్నారు. మందు లేదన్నారు. డాక్టరమ్మ మీరిద్దరూ సొంతమా, అంటే రక్తసంబంధమా, అని తమిళంలో అడిగింది. మా ఆయన నాకు స్వయానా మేనమామ, మా అమ్మకు తమ్ముడు. మా వాళ్ళలో అది వింతేమీ కాదు. ఆమె ఒక కాగితం మీద ఆడవాళ్ళకు గుండ్రాలూ మగవాళ్ళకు చదరాలూ గీసి, మా ఇంట్లో ఇంతకుముందు ఎవరైనా ఇలా నడక పోయినవాళ్ళు ఉన్నారా అంది. ఎవరూ లేరన్నాను. ఉండే ఉంటారు, అడిగి చూడండి అంది. జవాబు దొరికినంత మాత్రాన పిల్లకు నయం కాదు గానీ, ఇంట్లో మిగతావాళ్ళు ఎవరిని చేసుకోవచ్చో, ఎవరిని కూడదో తెలుస్తుందని చెప్పింది.

అడగడానికి మా అమ్మ లేదు. మిగిలింది అమ్మకు అక్క, తమిళసీమలోనే ఉన్న కంబం దగ్గర పల్లెలో ఉండే మా పెద్దమ్మ. ఫోన్ చేస్తే అట్లాంటివాళ్ళు మన వంశంలో పుట్టనే లేదని ఖచ్చితంగా చెప్పింది. అమ్మ ఇనప్పెట్టెలో చావులకు అచ్చేసిన పాత కరుమాది పత్రికలు ఉంటే అన్నీ తీసి పరిచాను. పోయినవాళ్ళ పేరు, కింద కొడుకులు, కూతుళ్ళు, అల్లుళ్ళు, మనవలు. పెళ్ళి కాకుండా పోయినవాళ్ళకు పత్రిక వేయరు కనుక వాళ్ళు ఎక్కడా లేరు. అప్పుడు తోటలోని రాళ్ళు గుర్తొచ్చాయి.

మా వాళ్ళు పెద్దవాళ్ళను దహనం చేస్తారు. పెళ్ళి కాకుండా పోయిన పిల్లలను మాత్రం సొంత తోటలో పూడ్చి రాయి నాటుతారు. ఆడపిల్లయితే ఆ రాయి కన్నిసామి, అంటే కన్నెదేవత, అవుతుంది. ప్రతి ఏడూ మాసి నెలలో ఇంటిల్లిపాదీ వెళ్ళి పొంగలి పెట్టి, గాజులు, కొత్త పావడ సమర్పించి వస్తాం. మా తాత వాటాగా ఇచ్చిన పెద్దమ్మవాళ్ళ ద్రాక్షతోట చివర అలాంటివి నాలుగు రాళ్ళున్నాయి. ఒకటే సామి అనీ, పూర్వం ఎప్పుడో ఒక పిల్ల దేవుడిలో కలిసిపోయిందనీ, మిగతా మూడూ ఆమె కాపలాలనీ చిన్నప్పుడు మాకు చెప్పారు. నా పెళ్ళికి ముందు, నా కూతురు పుట్టిన తర్వాత, నేను ఆ రాళ్ళ ముందు సాష్టాంగపడ్డాను.

ఈసారి పండగ లేని రోజున ఒంటరిగా బస్సెక్కి వెళ్ళాను. సామిని కడుగుతానని చెప్పి వేడినీళ్ళు, శీకాయ, కొబ్బరిపీచు తీసుకుని తోటలోకి నడిచాను. తరాలుగా పూసిన నూనె, పసుపు నల్లటి చర్మంలా గట్టిపడి ఉంది. మధ్యాహ్నందాకా రుద్దితే అక్షరాలు కనబడ్డాయి. ఒక రాయి మీద తమిళం, మిగతా మూడింటి మీద తెలుగు. మా ఇళ్ళలో తెలుగు నోట్లోనే ఉంది, బడి చదువంతా తమిళమే. నేను పెళ్ళయ్యాక పట్టుబట్టి ఈ అక్షరాలు నేర్చుకుంటే దేనికి పనికొస్తాయని అందరూ నవ్వారు.

నాలుగు రాళ్ళ మీదా ఒకే పేరు. ఇంటికి తొలిచూలు ఆడపిల్లకు పెట్టే పేరు. మా అమ్మాయి పేరూ అదే. అందుకే ఇక్కడ రాయడం లేదు. నా కూతురి పేరును తడి రాతిమీద వేలితో కూడబలుక్కుంటూ నాలుగుసార్లు చదివాను.

పేరు ఒకటే గనక సామి ఒకటేనేమో, రాళ్ళు మాత్రం మళ్ళీ మళ్ళీ నాటారేమో అని కాసేపు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. కానీ పేరు కింద ఫలానా వారి కూతురు అని ఉంది. మా ఇంట్లో తాత పేరు మనవడికి పెడతారు కనుక రెండే పేర్లు ఒకటి విడిచి ఒకటి వస్తాయి. రాళ్ళ మీద తండ్రుల పేర్లు అలాగే మారుతూ వచ్చాయి. ఒక్క పిల్ల కాదు. తరానికొక పిల్ల. తమిళం చెక్కిన రాయి అన్నిటికన్నా కొత్తది. దాని మీద ఉన్న తండ్రి మా తాత, నన్ను భుజాల మీద మోసిన మనిషి. ఆయనకు ఇద్దరు కూతుళ్ళు, ఒక కొడుకు అనే మాకు తెలుసు.

ఇంటికి వచ్చి పెద్దమ్మ పక్కన కూర్చుని, తమిళ రాయి ఎవరిదని అడిగాను. సామిది అంది. నీ అక్కదా అన్నాను. ఆమె చేతి గాజులు పైకి తోసుకుంది.

"నాకన్నా పెద్దది తాయీ. నేను పావడ కట్టే నాటికే దానికి కాళ్ళు పోయినాయి. పిరుదుల మీద జరుగుతా ఉండె. కడాసికి చెయ్యి లేపేకి గూడా కాలేదు. నేనే అన్నం తినిపిస్తా ఉంటి."

"మరి ఫోన్లో ఎవురూ లేదంటివే?"

"అట్ల పోయినోళ్ళు సామి గదా. సామికి సీక్కు, జబ్బు అని ఎవురన్నా అంటారా?"

సామి పిలుచుకుంటోంది, అందుకే నేలకు లాగుతోంది అని పెద్దవాళ్ళు అనుకునేవారట. వైద్యుడి దగ్గరికి తీసుకుపోలేదట. పోయాక ఆమె బతుకు గురించి మాట్లాడకూడదని తాత ఆన పెట్టాడట. అమ్మకు తెలుసా అని అడిగాను.

"తెలియకుండా ఎట్ల ఉండును? ఇద్దరమూ కూడే కదా మోస్తా ఉంటిమి."

తెలిసి నన్ను తన తమ్ముడికే ఎందుకిచ్చిందని అడిగాను. సామి ఇల్లు దాటిపోకూడదని పెద్దవాళ్ళందరూ కలిసి అనుకున్నారంది. కోపంతో కేకలు వేయాలనుకున్నాను. ఎనభై దాటిన ఆ ముఖం, తన అక్కకు అన్నం తినిపించిన ఆ చేతులు చూసి ఊరుకున్నాను. ఎవరిమీద కేకలు వేయాలో వాళ్ళు బూడిదైపోయి చాలా కాలమైంది.

మా ఆయనకు ఆ సంగతి చెప్పినప్పుడు ఆయన ముందు అడిగింది జబ్బు గురించి కాదు.

"నాకు ఇంకో అక్క ఉండెనా?"

ఆమె పోయాక పుట్టారు ఆయన. ఆ రాత్రి భోజనం చేయలేదు.

డాక్టరమ్మ నేను తెచ్చిన వివరాలన్నీ తన కాగితంలోకి ఎక్కించింది. నాలుగు గుండ్రాలు నల్లగా నింపి, చివర మా అమ్మాయిది, ఐదోది, నింపింది. చాలా చక్కగా తెచ్చారు, ఇలా దొరకడం అరుదు అని మెచ్చుకుంది. పరీక్షలో మంచి మార్కులు వచ్చినట్టుగా తల ఊపి, బయటికి వచ్చి వరండాలో గోడకు ఆనుకుని నిలబడిపోయాను.

అదే ఏడు పెద్దమ్మ మనవడికి వాడి సొంత మేనత్త కూతుర్ని నిశ్చయించారు. నేను మళ్ళీ వెళ్ళి, ఇద్దరికీ రక్త పరీక్ష చేయించాకే ముహూర్తం పెట్టుకోండని కాళ్ళావేళ్ళా పడ్డాను. పెద్దమ్మ కొడుకు, నాకు అన్న, కాగితం చూడనైనా లేదు. నేను రాళ్ళను గీకినందుకే సామి నా కూతురి మీద పడిందన్నాడు. జబ్బు ముందు వచ్చింది, నేను గీకింది తర్వాత అన్నాను. పెద్దమ్మ గది గుమ్మంలో నిలబడి అంతా విని లోపలికి వెళ్ళిపోయింది. పెళ్ళి జరిగిపోయింది. మాకు పత్రిక రాలేదు. ఆ పిల్ల ఇప్పుడు కడుపుతో ఉందని ఎవరో చెప్పగా విన్నాను.

మా అమ్మాయి అంతా తెలుసుకోవాలంది. నిజం దాచిన ఇంట్లో పుట్టినదాన్ని కనుక నేను దాచలేదు. ఆ రాళ్ళు చూపించమంది. మా అన్న ఊళ్ళో లేని రోజు చూసి కారులో వెళ్ళాం. అప్పటికే అమ్మాయికి తప్పనిసరైన చక్రాల కుర్చీ తడి మన్నులో కదలకపోతే మా ఆయన ఆమెను వీపు మీద ఎత్తుకుని ద్రాక్షతీగల కిందుగా వంగి నడిచారు. తమిళ రాయి తనే చదువుకుంది. మిగతా మూడూ నన్ను చదవమంది. చదివాను. ఒకటి తర్వాత ఒకటి తన పేరు వింటూ తండ్రి భుజం మీద గడ్డం ఆనించి ఉంది.

"నాకు రాయి వేండాం మా, వద్దు," అంది. "కాల్చేయండి. నన్ను ఎవురూ సామి అని మొక్కగూడదు."

మా ఆయన ఆమెను అలాగే మోసుకుని కారు వైపు తిరిగారు.

ఇప్పుడు ఇంట్లో కూర్చునే తిరుప్పూరు బనియన్ కంపెనీకి కంప్యూటర్ పని చేస్తోంది. ఈ మధ్య చెయ్యి పైకెత్తడం కష్టమై తల దువ్వుకోలేకపోతోంది. పొద్దున్నే జడ నేనే వేస్తున్నాను.