యువే రాజు పగ, ఆంటీ కాకరకాయ

ఇది రాజ్యాలు కూలిన కథ. ఓడిన రాజు, కంచు కత్తులు, ఏళ్ల తరబడి రగిలిన పగ, అన్నీ ఉన్నాయి. కాకపోతే అవన్నీ రెండున్నర వేల ఏళ్ల కిందటివి. నా వంతుకు మిగిలింది ఐర్లండ్‌లోని గాల్వేలో ఒక అద్దె ఇల్లు, పక్క గదిలో చైనా మిత్రుడు, వాడి డ్రైవింగ్ టెస్టు.

తాను పురాతన యువే ప్రజల వారసుణ్ణని వాడి నమ్మకం. దక్షిణ చైనా తీరాల్లో జుట్టు కత్తిరించుకుని, ఒళ్లంతా పచ్చబొట్లు పొడిపించుకుని, పడవల మీద తిరిగిన జనమట. వియత్నాం పేరులోని 'వియత్' కూడా వాళ్లదేనట. వాడికి మాత్రం ఈత రాదు, సూదంటే భయం.

టెస్టు మూడుసార్లు తప్పాడు, మూడుసార్లూ రౌండబౌట్ దగ్గరే, ఆ గుండ్రటి కూడలిలోనే. స్లైగో అనే ఊళ్లో ముసలివాళ్ల ఇళ్లకు కారులో వెళ్లి చూసుకునే ఉద్యోగం వచ్చింది. నెలాఖరులోగా లైసెన్స్ చూపించకపోతే అది ఇంకొకరికి పోతుంది.

నాలుగో టెస్టుకు వారం ముందు పరుపు తీసి గోడకు ఆనించాడు. యుద్ధంలో ఓడిన యువే రాజు కట్టెల మీద పడుకుని, అవమానం మరిచిపోకుండా రోజూ చేదు పిత్తం నాకేవాడట. చివరికి శత్రురాజ్యాన్ని తుడిచిపెట్టాడట.

"నీ శత్రువెవరు, రౌండబౌటా?" అన్నాను.

"నవ్వుకో. పిత్తం ఎక్కడ దొరుకుతుంది?"

"ఇండియన్ షాపులో కాకరకాయ దొరుకుతుంది."

రోజుకో పచ్చి ముక్క నమిలాడు. రెండు రోజులు గొప్పగా ఏడ్చాడు. మూడో రోజు మా ఇంటి ఓనర్ ఆంటీ కంట పడ్డాం. ఆవిడది గుంటూరు, ఇక్కడ నర్సు.

"ఏందిరా, పచ్చిది తినిపిస్తన్నావా? పిల్లోడి కడుపేమైపోద్ది!"

"అది పగ, ఆంటీ. వండకూడదు."

"నా మొహం పగ. ఇటియ్యి."

ఉప్పు, పసుపు రాసి, గట్టిగా పిండి, ఆ రసమంతా సింకులో పారబోసింది. ఆపైన చింతపండు, బెల్లం. మన వంటింట్లో చేదు బతికి బట్టకట్టదు. వాడు మూడుసార్లు వడ్డించుకున్నాడు. తిన్నాక పరుపు కూడా మంచమెక్కింది.

టెస్టు రోజు పొద్దున సెంటరు దాకా కారు వాడే నడిపాడు, పక్క సీట్లో నేను కూర్చున్నాను. దారిలోని రౌండబౌట్లన్నీ తడబడకుండా దాటేశాడు. "ఐ యామ్ గ్రాండ్," అన్నాడు, బాగానే ఉన్నానని ఇక్కడివాళ్లు చెప్పే మాటలో. నేను కూడా నమ్మాను, అది నాకు అలవాటు లేని పని.

టెస్టర్ కారు వెనక్కి వెళ్లి బ్రేక్ తొక్కమన్నాడు. ఎడమవైపు లైటు వెలగలేదు. టెస్టు పెట్టలేదు. తర్వాతి తేదీ నెలాఖరు దాటాకే దొరికింది.

టెస్టుకు తెచ్చే కారుకు బ్రేక్ లైట్లు వెలగాలి. బల్బు మార్చడానికి అయిదు నిమిషాలు పడుతుంది.