మే నెలలో ఒక రెడ్ వైన్

నలుగురిలో నోరు తెరిచి నేను మొట్టమొదటిసారి ఒక అభిప్రాయం చెప్పాను. ఆ ఒక్కసారికే నా పరువు ఢిల్లీ మయూర్ విహార్‌లో ఒక డైనింగ్ టేబుల్ మీద ఒలికిపోయింది. నవ్వదలచినవారు ఇప్పటినుంచే సర్దుకుని కూర్చోవచ్చు. నేను కూడా ఈ మధ్యే నవ్వడం మొదలుపెట్టాను.

ముందు నా సంగతి చెప్పాలి. షేర్ ఆటోలో దిగాల్సిన చోటు దాటిపోతున్నా "భయ్యా, ఆపండి" అనడానికి మొహమాటపడి, తర్వాత ఎవరు దిగితే వాళ్లతో దిగి వెనక్కి నడిచి వచ్చే రకం నేను. డైరీలో మాత్రం లోకాన్నంతా కడిగేస్తాను. పగలు మింగిన మాటలన్నీ అక్కడ కక్కుతాను.

అలాంటి నన్ను వైన్ దగ్గరకు చేర్చింది వసుంధర గారు. మా ఆఫీసులో పెద్ద హోదాలో ఉన్నారు, సొంతూరు రాజమండ్రి. నెలకో ఆదివారం వాళ్ల ఇంట్లో చిన్న సభ జరుగుతుంది. ఎవరి సీసా వాళ్లు పొద్దున్నే ఇచ్చేయాలి. వసుంధర గారి భర్త మూర్తి గారు వైన్ ముట్టరు కాబట్టి ఆయనే తటస్థ వ్యక్తి. సీసాలన్నిటినీ ఒకే చల్లదనానికి తెచ్చి, ఏది ఎవరిదో తెలియకుండా పాత దిండు గలీబులతో కుట్టిన సంచుల్లో దాచి, అంకెలు వేసి సాయంత్రం బయటకు తెస్తారు. చల్లబరచడం ఎందుకని ఆయన్ని నేను ఒక్కసారి అడిగి ఉంటే ఇప్పుడు మీకు చెప్పుకోవడానికి ఏమీ ఉండేది కాదు. అడగడమే వస్తే నేను నేనెందుకవుతాను?

వసుంధర గారు గ్లాసు ఎత్తినప్పుడు చూడాలి. వాసన చూసి కళ్లు మూసుకుంటారు. గుక్క తీసుకుని, చంటిపిల్ల చెప్పేది వింటున్నట్టు తల పక్కకు వంచుతారు. తర్వాత తీర్పు. "నేరేడు పండు. తిన్నాక నాలుక మీద మిగిలే వగరు కూడా ఉంది. చివర్లో కాస్త మిరియం" అంటారు. నేను తాగి చూస్తే నిజంగానే నేరేడు పండు, నిజంగానే మిరియం! అంతకు ముందు క్షణం దాకా అది నాకు ఉత్త పుల్లటి ఎర్ర నీళ్లు. పుస్తకాల్లో వైన్‌కు చెప్పే ఏవేవో విదేశీ పండ్ల పేర్లు మీరెందుకు వాడరని, ప్రతి సభకూ వచ్చే రమణ అంకుల్ ఒకసారి అడిగారు.

"ఎప్పుడూ చూడని పండ్ల పేర్లు నాకెందుకండీ? నా నాలుక రాజమండ్రిలో పుట్టింది. దానికి తెలిసిన మాటల్లోనే సాక్ష్యం చెబుతుంది" అన్నారావిడ.

ఆ రోజు నేను ఆవిడకు మనసులోనే శిష్యురాలినైపోయాను. మనసులోనే. అదే వచ్చిన చిక్కు. రెండు సభలకు వెళ్లి, రెండింట్లోనూ అందరి మాటలకూ తలాడించి, మూర్తి గారు వేసిన మిరపకాయ బజ్జీలు తిని వచ్చాను. రెండో సభ చివర వసుంధర గారు నన్ను గుమ్మం దగ్గర ఆపారు.

"చూడు స్వాతీ, ఇక్కడ ప్రేక్షకులకు కుర్చీ లేదు. వచ్చే నెల నువ్వు సీసా తేవాలి. సంచి విప్పకముందే ప్రతి వైన్ మీదా నీ తీర్పు పైకి చెప్పాలి. చెప్పలేకపోతే బజ్జీలు తినడానికి ఎప్పుడైనా రా, ఈ టేబుల్ దగ్గరకు మాత్రం వద్దు. సరేనా?"

నేను తలాడించాను.

"ఇదిగో, మళ్లీ తలే!"

ఈ మహానగరంలో నేను పోగొట్టుకోకూడదనుకున్న కుర్చీ అదొక్కటే. నెలంతా వైన్ పుస్తకాలు తిరగేశాను. సభకు వారం ముందు మాల్‌లో ఉన్న షాపుకు వెళ్లాను. నా వయసు మీద నమ్మకం లేక ఆధార్ చూసి, నా మొహం చూసి, షాపతను ఒక నిర్ణయానికొచ్చాడు.

"మేడమ్ జీ, స్వీట్ వాలా దూఁ? లేడీస్ కో వహీ పసంద్ ఆతా హై."

ఆడవాళ్లకు తీపి వైనే నచ్చుతుందట! దీనికి జవాబుగా నా లోపల ఒక మహోపన్యాసం లేచింది. బయటకు వచ్చింది మాత్రం పుస్తకంలో చదివిన ఒక ఎర్ర వైన్ రకం పేరు, "జీ... రెడ్... షిరాజ్."

ఆ సీసాను పసిబిడ్డలా ఒళ్లో పెట్టుకుని మెట్రోలో తెచ్చాను. మా గది నాలుగో అంతస్తులో, డాబా కింద. పడమటి కిటికీ. మధ్యాహ్నం గోడ మీద చెయ్యి వేస్తే పెనం మీద వేసినట్టే. పుస్తకాల అరలో సీసాను పడుకోబెడుతుంటే నా రూమ్మేట్ హారిక చూసింది. లోకంలో నేను నోరు చేసుకోగలిగేది హారిక ఒక్కదాని మీదే.

"ఏమే, దాన్ని ఫ్రిజ్‌లో పెట్టవే. ఈ గదిలో నా లిప్‌స్టిక్కే కరిగి కారిపోయింది."

"రెడ్ వైన్ ఫ్రిజ్‌లో పెట్టకూడదు. గది ఉష్ణోగ్రతలో ఉండాలి. ప్రతి పుస్తకంలోనూ ఉంది."

"ఎవరి గది?"

"అంటే?"

"ఎవరి గదే తల్లీ? ఆ పుస్తకం రాసినాయన మే నెలలో ఈ గదిలో ఒక్క రాత్రి పడుకున్నాడా?"

"నీకు వైన్ గురించి తెలీదు."

"నాకు ఈ గది గురించి తెలుసు."

వినలేదు. ఒక సాయంత్రం ఆఫీసు నుంచి వచ్చేసరికి సీసా మెడ దగ్గర చీమల బారు. మూత కింద నుంచి ఎర్రగా ఏదో కారి జిగురు కట్టింది. హారిక సీసా వైపు చెయ్యి చూపించి నోరు తెరిచింది. "చూశావా, చీమలకు కూడా మంచి వైన్ తెలుసు" అని నేనే ముందు అనేశాను. తుడిచి, మళ్లీ పడుకోబెట్టాను.

ఆదివారం వచ్చింది. టేబుల్ చుట్టూ వసుంధర గారు, నేను, రమణ అంకుల్. అంకుల్‌ది కరీంనగర్. ఢిల్లీ వచ్చి సగం జీవితం గడిచినా ఊరి మాట వదల్లేదు. బజ్జీల పళ్లెంతో పాటు మూడు సంచులు తెచ్చి పెట్టారు మూర్తి గారు.

మొదటి సంచి. గుక్క తీసుకున్నాను. అబ్బ, ఎంత బాగుందో! తొలకరికి తడిసిన నేల, నేరేడు, గొంతు దిగాక కూడా నెమ్మదిగా వెలుగుతున్న చిన్న మిరియపు ఘాటు. ఇంత బాగుందంటే ఇది నాదే. వేదిక మీద పాడుతున్న బిడ్డను చూస్తున్న తల్లిలా పొంగిపోయాను.

"చెప్పమ్మా స్వాతీ" అన్నారు వసుంధర గారు.

"ఇది... చాలా బాగుందండీ. తెచ్చినవాళ్లకు మంచి అభిరుచి ఉంది" అన్నాను, సిగ్గుపడుతూ.

"గంతేనంటవా? షుక్రియా, షుక్రియా" అని రమణ అంకుల్ ఎందుకో నాకు దండం పెట్టారు. ఆయన సరదా మనిషి కదా అనుకున్నాను.

రెండో సంచి కూడా మర్యాదస్తురాలే. కాస్త బిగువు, కాస్త చింతచిగురు పులుపు. అది వసుంధర గారిదని తేల్చేశాను. ఇక మిగిలింది రమణ అంకుల్ సీసా. మూడో సంచి గ్లాసులోకి దిగగానే రంగు ఇటుక పొడిలా కనిపించింది. తాగాను. నా నాలుక గోడు గోడున ఏడ్చింది.

"మూడో దాని సంగతేంటి?" అన్నారు వసుంధర గారు. "మొహమాటం వద్దు. ఉన్నదున్నట్టు చెప్పు."

ఏ దేవత పూనిందో తెలియదు. ఇన్నేళ్లుగా డైరీ పేజీల్లో కట్టేసి ఉంచిన నోరు ఒక్కసారిగా తాడు తెంచుకుంది.

"ఇది వైన్ కాదండీ. ఎండలో నిలిపిన కారులో ఎవరో మరిచిపోయిన దగ్గు మందు. ఇందులో పండు లేదు, అడుగంటిన జామ్ ఉంది."

"వారెవ్వా! ఇంకా?" అన్నారు రమణ అంకుల్, కుర్చీ ముందుకు లాక్కుంటూ. పాపం, తన సీసానే తిడుతున్నా ఎంత పెద్దమనసు అనుకున్నాను.

"దీన్ని తెచ్చినవాళ్లకు వైన్ మీద ప్రేమ లేదు అంకుల్, ఏదో పాత కక్ష ఉంది. ఇలాంటి మనిషికి సీసా అమ్మేముందు ఆధార్ చూస్తే చాలదు, నడత సర్టిఫికెట్ కూడా చూడాలి!"

మూర్తి గారు ఎందుకో దగ్గుతూ వంటింట్లోకి వెళ్లిపోయారు. వసుంధర గారు ఇంకో గుక్క తీసుకుని, కళ్లు మూసుకుని తల వంచారు.

"అమ్మాయి సరిగ్గానే పట్టింది. కానీ ఈ వైన్ పుట్టుకలో లోపం లేదు. ఎంత మంచిదో అడుగున ఇంకా తెలుస్తోంది. షిరాజే. దీన్ని ఉడకబెట్టారు. ఈ ఎండల్లో, కనీసం వారం పాటు. పై అంతస్తు గది అయ్యుంటుంది. పడమటి ఎండ."

"అవునండీ! అసలు బుద్ధి ఉన్నవాళ్లెవరైనా మే నెలలో, పై అంతస్తు గదిలో, పడమటి..."

అక్కడ ఆగిపోయింది నా నోరు. వసుంధర గారిది మొదటి అంతస్తు. రమణ అంకుల్‌ది గ్రౌండ్ ఫ్లోర్. ఏసీ చల్లగా వీస్తుంటే నా వీపు మీద నుంచి చెమట ధార కట్టింది.

రమణ అంకుల్ మూడో సంచిని మెల్లగా, పెళ్లికూతురి ముసుగు తీసినట్టు తీశారు. నా ఒళ్లో మెట్రో ఎక్కిన సీసా!

"గిదేందమ్మా గిది! నీ సీసకు నువ్వే ఉరిశిక్ష ఏస్తివి గద!" అని ఆయన టేబుల్ మీద కొట్టి కొట్టి నవ్వారు. "ఒకటో నంబర్ నాది బిడ్డా. ఫ్రిజ్‌ల కూరగాయల అర ఉంటది సూడు, దోసకాయల పక్కన పెట్టిన. మంచి అభిరుచి అంటివి గద, మా ఇంట్ల ఎవ్వరు నమ్మరు, జర రాసియ్యి!"

భూమి చీలితే బాగుండుననుకున్నాను. కానీ అక్కడ చీలితే కింది ఫ్లాట్ వాళ్ల సోఫాలో పడతాను. "పుస్తకంలో... గది ఉష్ణోగ్రత అని..." అని గొణిగాను.

"ఆ పుస్తకాలు రాసినవాళ్ల ఊళ్లో గదులు మన ఫ్రిజ్ కంటే కొంచెం వెచ్చన, అంతేనమ్మా" అన్నారు వసుంధర గారు. ఆవిడ మాత్రం నవ్వలేదు. గ్లాసును నా ముందుకు జరిపారు. "ఇప్పుడు ఎవరిదో తెలిసింది కదా. ఇంకోసారి రుచి చూసి చెప్పు. ఇందాకటి మాట వెనక్కి తీసుకుంటావా?"

వెనక్కి తీసుకుంటే సగం పరువు దక్కుతుంది. మరీ అంత ఘోరం కాదులెండి అంటే సరిపోతుంది. గ్లాసు ఎత్తాను. తాగాను. లోకంలోకెల్లా కష్టమైన గుక్క అది.

"తీసుకోనండీ" అన్నాను. "దగ్గు మందు అని కాస్త గౌరవించానేమో కూడా."

అప్పుడు నవ్వారావిడ, కళ్ల వెంట నీళ్లొచ్చేలా. "పాతికేళ్లుగా తాగుతున్నాను, నా సీసా అని తెలిశాక నేనెప్పుడూ ఇంత నిజం చెప్పలేదు. కుర్చీ ఇంకాస్త దగ్గరకు లాక్కో. వచ్చే నెల నుంచి మొదటి తీర్పు నీదే."

అందుకని, ఆ టేబుల్ సాక్షిగా, తూర్పు తిరిగి చెయ్యి చాచి ప్రమాణం చేస్తున్నాను: జీవితంలో మరెప్పుడూ ఏ వైన్‌నూ వండను. మంచి సీసా రుచి చూసి, అది నాదేనని మరెప్పుడూ మురిసిపోను. చెత్త సీసా తగిలితే మాత్రం అది నాదే కావచ్చని ముందే అనుకుని, ఏ మాత్రం దయ లేకుండా తిడతాను.